శివారు కరెంటుకు చుట్టిన రాగి

తెలుగు సినిమా పితామహుడిగా పేరుపడిన రఘుపతి వెంకయ్య నాయుడు 1869లో బందరులో పుట్టారు. మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోను అనే యంత్రం కొని, తెర మీది బొమ్మతో పాటు మాటా పాటా వినిపించే చిన్న చిత్రాలను మద్రాసులో ఆడించారు, ఆపైన బర్మా, సింహళాల దాకా తిప్పారు. ఆ యంత్రం ప్రస్తావన వచ్చినప్పుడల్లా అందరూ బొమ్మ సంగతే చెబుతారు. శబ్దం సంగతి అంతకన్నా ఆసక్తికరం. అందులో శబ్దాన్ని పెంచే వాల్వు లేదు. గ్రామఫోను ముల్లు పలికే సన్నటి చప్పుడు హాలు చివరి వరసకు చేరడానికి ఫ్రాన్సులోని గోమాన్ కంపెనీ ఒత్తిడి పెట్టి నింపిన గాలిని వాడుకుంది. ముల్లు కదలిక గాలిని అదుపు చేస్తుంది, బలం గాలిది. వాల్వు ఆంప్లిఫయరు సూత్రం కూడా ఇంతే. 1906-07లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మూడోదాన్ని దూర్చి చేసిన గాజు బుడ్డిలోనూ సన్నటి సంకేతం పెద్ద ప్రవాహాన్ని అదుపు చేస్తుంది, బలం బయటినుంచి రావాల్సిందే. కాబట్టి ఒక ప్రాంతంలో రేడియో, మైకు, టాకీ ఎలా పలికాయో తెలుసుకోవాలంటే వాల్వు ఎవరు కనిపెట్టారని కాక, ఆ బలం అక్కడికి ఏ దారిన వచ్చిందని అడగాలి. బందరు, గుడివాడ, దివిసీమల విషయంలో ఆ ప్రశ్న వేస్తే జవాబు చివరికి ఒక రాగిచుట్ట దగ్గర ఆగుతుంది. ఆ చుట్ట పేరు పవర్ ట్రాన్స్‌ఫార్మరు.

వాల్వుకు ఒకే రకం కరెంటు చాలదు. లోపలి ఫిలమెంటు ఎర్రగా కాలితేనే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. దానికి చాలా వాల్వుల్లో 6.3 వోల్టులు కావాలి, వోల్టేజి తక్కువే అయినా కరెంటు ఆంపియర్లలో లాగుతుంది. ఆ ఎలక్ట్రాన్లను ప్లేటు వైపు గుంజడానికి 250, 300 వోల్టుల డీసీ కావాలి, అది మిల్లీఆంపియర్లలో సరిపోతుంది. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు వాల్వుకు, 5వై3, 5యు4 లాంటివైతే, విడిగా మరో 5 వోల్టుల చుట్ట ఉండాలి. ఆ చుట్ట మిగతావాటితో కలవకూడదు. ఎందుకంటే అది స్వయంగా 300 వోల్టుల ఎత్తులో కూర్చుని ఉంటుంది. ఇంటికొచ్చే 230 వోల్టుల కరెంటును ఈ మూడు వాటాలుగా పంచేది ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే. ఇక్కడే నా వాదన మొదలవుతుంది. వాల్వు రేడియోలో, మైకుసెట్టులో ఉండే సామానంతటిలో ఊరి గుర్తు పడేది ఈ ఒక్క వస్తువు మీదే. ఈఎల్84 వాల్వు హాలండులో చేసినా బెంగుళూరులో చేసినా ఒకే లెక్కకు పనిచేస్తుంది, అవనిగడ్డలో పెట్టినా ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్టినా దానికి తేడా తెలియదు. ట్రాన్స్‌ఫార్మరుకు తెలుస్తుంది. ఒక కాలు ఊరి లైనులో, ఇంకో కాలు వాల్వులో పెట్టుకుని నిలబడాల్సింది అదే కనుక, ఊరి కరెంటు ఎలాంటిదో, ఊరి గాలి ఎలాంటిదో దాని చుట్లలో నమోదవుతుంది. దిగువ కృష్ణా డెల్టాలో శబ్దం చరిత్రను బ్రాండు పేర్లనుంచి కాక, వైండింగు బల్లమీదినుంచి చదవాలని నేననేది అందుకే.

ముందు కాలం సంగతి స్థిరపరుచుకుందాం. మద్రాసు రేడియో కేంద్రం 1938లో మొదలైంది. బందరునుంచి మద్రాసు గగనమార్గాన దాదాపు 350 కిలోమీటర్లు. అంత దూరపు మీడియం వేవ్ కేంద్రాన్ని పట్టాలంటే పొడుగాటి ఏరియలు, నాలుగైదు వాల్వుల సూపర్ హెటరోడైన్ సెట్టు ఉండాలి. అది డబ్బున్న ఇంటి సరుకు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రసారాలు ప్రారంభించాక పరిస్థితి మారింది. గుడివాడకు ఆ కేంద్రం నలభై అయిదు కిలోమీటర్ల లోపు, బందరుకు డెబ్భై లోపు. మామూలు సెట్టుకు కూడా పగలే అందే దూరం. ఫిలిప్స్ కలకత్తాలో రేడియోలు తయారుచేయడం మొదలుపెట్టింది కూడా 1948లోనే. మర్ఫీ, హెచ్ఎంవీ, జీఈసీ, బుష్, నేషనల్ ఎకో పేర్లు తెలుగు ఇళ్లలో మనుషుల పేర్లంత చనువుగా వినిపించిన రోజులవి. సెట్టు ఉన్నవాళ్లు తపాలా కార్యాలయంలో ఏటా లైసెన్సు కట్టేవాళ్లు. లేనివాళ్లకు పంచాయతీ రేడియో ఉండేది. వాల్వులు మాత్రం చాలాకాలం సముద్రం దాటి వచ్చాయి. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ రేడియో వాల్వుల తయారీ చేపట్టింది 1961లో. విదేశీవైనా స్వదేశీవైనా వాల్వు ఊళ్లోకి అట్టపెట్టెలో వచ్చేది, పోతే పారేసేది. దాన్ని విప్పి బాగుచేయడం ఎవరి తరమూ కాదు, లోపలి శూన్యం పోయాక మిగిలేది గాజు. కండెన్సరు, రెసిస్టరు కూడా మార్చాల్సిన సరుకే. విప్పి, లెక్కపెట్టి, మళ్లీ చుట్టి, పాతదానికన్నా బాగా చేయడానికి వీలున్నవి రాగి చుట్టలు మాత్రమే. స్థానికంగా పనితనానికి చోటున్నది అక్కడే.

ఇక కరెంటు. ఆంధ్ర ప్రాంతానికి పెద్ద ఎత్తున జలవిద్యుత్తు తెచ్చిన మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో పనిచేయడం మొదలుపెట్టింది, రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. తీగలు ముందు పట్నాలకు, తర్వాత రోడ్డుపక్క పల్లెలకు, ఆ తర్వాతెప్పుడో లోపలి లంకలకు చేరాయి. ఈ ప్రాంతపు రైతుకు ఈ వరస కొత్తది కాదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన దగ్గరనుంచీ కాలవ నీరు ముందు ఎగువ పొలాలకు, ఆఖరున శివారు భూములకు అందుతుంది. దివిసీమ ఆ శివారుకు శివారు, పులిగడ్డ దగ్గర నదిపాయ మీదుగా అక్విడక్టు కట్టి మరీ నీరు దాటించాల్సి వచ్చింది. కరెంటు కూడా కాలవలాగే నడిచింది. సబ్‌స్టేషను దగ్గర నిండుగా బయల్దేరిన వోల్టేజి పొడుగాటి సన్నని లైనులో దారి పొడుగునా తరిగి, చివరి స్తంభం దగ్గరికి వచ్చేసరికి నీరసించేది. విద్యుత్ నిబంధనలు హెచ్చుతగ్గులను అయిదారు శాతంలో ఉంచమంటాయి. నిబంధన కాగితం మీద ఉంటుంది, ఓమ్ సూత్రం తీగలో ఉంటుంది. గుడివాడ చుట్టుపట్ల బియ్యం మిల్లుల మోటార్లు స్టార్టయ్యే క్షణాన లాగే కరెంటు వాటి మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు. ఆ క్షణంలో అదే లైను మీది బల్బు మసకబారుతుంది, రేడియో గొంతు నీరసపడుతుంది. సాయంత్రం దీపాలవేళ వోల్టేజి పడిపోవడం, మిల్లులూ దీపాలూ ఆగిన అర్ధరాత్రి హఠాత్తుగా పెరగడం, రెండూ ఒకే లైను గుణాలు.

ఇది వాల్వును ఏం చేస్తుందో లెక్క వేసి చూడవచ్చు. 230 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మరుకు 180 అందితే, 6.3 రావాల్సిన ఫిలమెంటు చుట్టలో 4.9 వోల్టులే వస్తాయి. వాల్వుల తయారీదారులు సాధారణంగా ఒప్పుకునే తేడా అటూ ఇటూ పది శాతం. ఇక్కడ లోటు ఇరవై శాతం దాటింది. ఎలక్ట్రాన్లు చాలవు, రేడియోలో లోకల్ ఆసిలేటరు ఆగిపోతుంది, సెట్టు వెలుగుతూనే మూగబోతుంది. ఫిలిప్స్ లాంటి కంపెనీలు సెట్టు వెనక 110నుంచి 245 దాకా వోల్టేజి మార్చుకునే బిళ్ల పెట్టాయి కానీ, అది దేశదేశాల నామమాత్రపు వోల్టేజీలకు ఉద్దేశించింది. 145కూ 200కూ మధ్య అందులో ఏమీ లేదు. శివారు కరెంటు తరచు తచ్చాడేది సరిగ్గా ఆ ఖాళీలోనే. దానికి జవాబు ప్రైమరీ చుట్ట మధ్యలోంచి అదనంగా ఒక కొస బయటికి లాగడం. వృత్తిలో దాన్ని ట్యాపు అంటారు. మధ్య నాలుక అడ్డుకోత తొమ్మిది చదరపు సెంటీమీటర్లు వచ్చేలా ఈ-ఐ రేకులు పేర్చాం అనుకుందాం. 50 సైకిళ్ల కరెంటుకు, మామూలు రేకుకు, 45ను ఆ తొమ్మిదితో భాగిస్తే వోల్టుకు 5 చుట్లు. 230కి 1150. అందులో 1000వ చుట్టు దగ్గర ఒక కొస లాగితే 200 వోల్టుల ట్యాపు, 900 దగ్గర లాగితే 180 ట్యాపు. ఫిలమెంటుకు నష్టం కలుపుకుని 33, 34 చుట్లు. ప్లేటుకు వోల్టేజి ఇచ్చే 300-0-300 హైటెన్షను చుట్టకు రెండు వైపులా కలిపి మూడు వేల పైచిలుకు. తీగ గేజి దేనికదే వేరు: ప్రైమరీకి 26 లేక 28, ఫిలమెంటుకు 18, హైటెన్షనుకు వెంట్రుక లాంటి 36. లెక్క తేలికే. కానీ 180 ట్యాపు మీద అదే పవరుకు ఎక్కువ కరెంటు పారుతుంది కనుక, ఆ మొదటి 900 చుట్లు ఒక గేజి లావుగా చుట్టాలి. అప్పుడు బాబిన్‌లో చోటు చాలదు, చాలకపోతే రేకులు దళసరిగా పేర్చి వోల్టుకు చుట్లు తగ్గించాలి, తగ్గిస్తే మిగతా చుట్టల లెక్కలన్నీ మారతాయి. ఒక చిన్న కొస కోసం మొత్తం డిజైను తిరగరాయాలి.

గాలి సంగతి కూడా చూడాలి. సముద్రం ఒడ్డున తేమ, ఉప్పు కలిసిన గాలి సన్నని రాగికి శత్రువు. స్పీకరును నడిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ చుట్ట ఎప్పుడూ రెండొందల యాభై వోల్టుల పాజిటివ్‌లో ఉంటుంది, పక్కనున్న ఇనప రేకులు సున్నాలో ఉంటాయి. మధ్యలో కాగితం తేమ పీలిస్తే అతి సన్నటి కరెంటు లీకవుతుంది, లీకైన చోట రాగి కరిగి పచ్చటి మచ్చ పడుతుంది, ఏడాదికో రెండేళ్లకో అక్కడ తీగ తెగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా అడవుల్లో సైన్యాల వైర్‌లెస్ సెట్లు ఇలాంటి చెమ్మ జబ్బులతోనే మూలపడ్డాయి, ఆ దెబ్బతోనే ఉష్ణమండలానికి తగ్గట్టు వార్నిష్ పట్టించే పద్ధతులకు ప్రాధాన్యం వచ్చింది. పవర్ ట్రాన్స్‌ఫార్మరులో హైటెన్షను చుట్ట మధ్య కొస నేలకు కలిసి ఉంటుంది కనుక ఈ పచ్చ మచ్చ తక్కువ. అయితే 300 వోల్టుల ఎత్తులో ఉండే రెక్టిఫయరు ఫిలమెంటు చుట్టకూ దాని పొరుగు చుట్టకూ నడుమ కాగితం చెమ్మగిల్లితే ఒకే దెబ్బకు పోతుంది. కాబట్టి ఇక్కడ చుట్టేవాడు పొరకూ పొరకూ మధ్య కాగితం ధారాళంగా వేయాలి, చుట్టడం పూర్తయ్యాక బాగా వేడిచేసి తేమ తరిమేసి, వేడి మీదే వార్నిష్‌లో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, మళ్లీ కాల్చాలి. హైదరాబాదులో ఈ తంతు సగం చేసినా సరిపోవచ్చు. బందరులో సరిపోదు.

దీని మీద మొదటి అభ్యంతరం బలమైనదే. వాల్వుల కాలంలో ఈ డెల్టా పల్లెల్లో చాలావాటికి కరెంటే లేదు కదా, లేని కరెంటుకు ట్రాన్స్‌ఫార్మరు ఎందుకు, పల్లె రేడియో బ్యాటరీ మీద నడిచింది కదా అని. నిజమే. 90 వోల్టుల డ్రై బ్యాటరీ, ఫిలమెంటుకు మరో చిన్న బ్యాటరీ పెట్టుకుని నడిచే సెట్లు ఉండేవి, వాటికి ట్రాన్స్‌ఫార్మరు అక్కర్లేదు. కానీ ఆ బ్యాటరీ ఖరీదు ఎక్కువ, మైకుసెట్టు లాంటి తిండిపోతును అది మోయలేదు. కరెంటు లేని ఊళ్లో మైకు పెట్టాలంటే 6 లేక 12 వోల్టుల మోటారు బ్యాటరీయే గతి. దాని డీసీని నేరుగా 300 వోల్టులు చేయడం కుదరదు. వైబ్రేటరు అనే పరికరంలో ఒక ఉక్కు నాలుక సెకనుకు సుమారు వంద సార్లు అటూ ఇటూ కొట్టుకుంటూ ఆ డీసీని ముక్కలు చేసి ఏసీ లాగా మారుస్తుంది, అది మళ్లీ ట్రాన్స్‌ఫార్మరులోకే వెళ్తుంది. దాని ప్రైమరీ లావుపాటి తీగతో కొద్ది చుట్లే, సెకండరీ వేల చుట్లు. డేరా టాకీల దారి వేరు, ఆయిల్ ఇంజనుకు డైనమో తగిలించుకునేవి. ఆ ఇంజను వేగం తగ్గినా పెరిగినా వోల్టేజీతో పాటు సైకిళ్లూ మారతాయి, వోల్టేజి తగ్గకుండా సైకిళ్లు మాత్రం తగ్గితే రేకులు వేడెక్కి మూలుగుతాయి. కరెంటు స్తంభం లేకపోవడం ట్రాన్స్‌ఫార్మరు అవసరాన్ని తీసేయలేదు, దానికి ఇంకా కష్టమైన పని అప్పగించింది.

ట్రాన్స్‌ఫార్మరు లేకుండా కరెంటు మీద నడిచే రేడియోలూ ఉండేవి, వాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏసీ-డీసీ సెట్లనేవారు. వాల్వుల ఫిలమెంట్లన్నీ దండలా వరసగా కలిపి, మిగిలిన వోల్టేజీని ఒక పెద్ద రెసిస్టరులో వేడిగా తగలేసేవి. చవక, తేలిక. అయితే సెట్టు ఇనప షాసీ నేరుగా లైనుకు కలిసి ఉంటుంది, ప్లగ్గు తిరగేసి పెడితే ఫేజే షాసీ మీదికి వస్తుంది. వానాకాలం తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడే ఇళ్లలో అది ఎలాంటి ప్రమాదమో వివరించక్కర్లేదు. వోల్టేజి తగ్గితే సర్దుకోవడానికి దానికి ట్యాపూ లేదు. ఆ పద్ధతితో ఇంటి రేడియో నడుస్తుంది, ఊరంతా వినే మైకు నడవదు. ఈ డెల్టాకు మాత్రం ఊరంతా వినడం ముఖ్యం. హార్మోనియం పక్కన నిలబడి చివరి వరసదాకా గొంతు పంపే పద్యనాటకం, తెల్లవార్లూ సాగే కూచిపూడి యక్షగానం, బుర్రకథ, హోరాహోరీగా జరిగిన 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలు, పెళ్లిపందిళ్లు, తిరునాళ్లు, అన్నీ ఆరుబయటి వ్యవహారాలే. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల గొంతును ఆయన సొంత ప్రాంతంలో లెక్కలేనంతమంది మొదట విన్నది ఇంటి రేడియోలో కాదు, చెట్టుకు కట్టిన హారన్‌లో. (హారన్‌కు మంద్రస్థాయి చాతకాదు. ఆ గొంతులోని సగం గాంభీర్యాన్ని జనం తమ ఊహతో పూరించుకున్నారు.) పాతిక, యాభై వాట్ల మైకుసెట్టులో 1936లో పుట్టిన 6ఎల్6, దాని దగ్గరి చుట్టం 807, ఆ తర్వాతి ఈఎల్34 లాంటి వాల్వులు జంటలుగా పనిచేసేవి. వాటికి 400 వోల్టుల పైన, రెండొందల మిల్లీఆంపియర్ల దాకా కావాలి. ఆ ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే నాలుగైదు కిలోలు తూగుతుంది. ఊరి ఈ కొసనుంచి ఆ కొసకు హారన్లు కట్టాలంటే 100 వోల్టుల లైను పద్ధతి వాడతారు, అంటే ప్రతి హారన్ దగ్గరా మరో బుల్లి ట్రాన్స్‌ఫార్మరు. మైకుసెట్టు కొలతలన్నీ రాగి, ఇనుముల్లోనే ఉన్నాయి.

రెండో అభ్యంతరం చదువుకున్నవాళ్లది. ఇది తయారీ కాదు, మరమ్మతు. కాలిపోయినదాన్ని విప్పి, చుట్లు లెక్కపెట్టి, అన్నే మళ్లీ చుట్టడంలో నకలు తప్ప ఆలోచన ఏముంది అంటారు. అన్నే చుట్టేవాడి విషయంలో ఇది నిజం. కానీ ఒక సెట్టు ట్రాన్స్‌ఫార్మరు కాలిందంటే, పై కారణాల్లో ఏదో ఒకటి దాన్ని కాల్చి ఉంటుంది. అన్నే చుడితే అలాగే మళ్లీ కాలుతుంది, గిరాకీ తిరిగొచ్చి తిడతాడు. యుద్ధం తర్వాత సైనిక మిగులు సరుకుగా మద్రాసు, కలకత్తా బజార్లకు చేరిన అమెరికన్ పరికరాల విషయంలో నకలు అసలే పనికిరాదు. వాటి ట్రాన్స్‌ఫార్మర్లు 115 వోల్టులకు, 60 సైకిళ్లకు చేసినవి. రెండు ప్రైమరీలు వరసగా కలిపి 230కి సరిచేసినా, మన 50 సైకిళ్ల మీద వాటి రేకుల్లో అయస్కాంత బలం ఇరవై శాతం పెరిగి రేకులు సలసలా కాగుతాయి. చుట్లు పెంచాల్సిందే. అంటే రిపేరు అనే మాట కింద డిజైను జరుగుతోంది, డిజైనరనే పేరు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. బందరుకు చేతిపనీ విద్యా కలవాలనే ఆలోచన పరాయిది కాదు. 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకంతో పాటు వృత్తివిద్య నేర్పింది, ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ ఇక్కడినుంచే కాలేజీల ప్రయోగశాలలకు పరికరాలు చేసి పంపింది. వైండింగు బల్ల వీటి సంతానమని నేననను. కానీ ఈ రెండు సంస్థలకూ చరిత్రలో పేజీ ఇచ్చి, దాన్ని ఫుట్‌నోటులో కూడా పెట్టకపోవడం, చదువుకూ చేతికీ మధ్య ఆ సంస్థలు చెరపాలనుకున్న గీతను మళ్లీ గీయడమే.

ఇదంతా ఏ తీరప్రాంతానికైనా వర్తిస్తుంది, దివిసీమ ప్రత్యేకత ఏమిటని కూడా అడగవచ్చు. లో-వోల్టేజి దేశమంతటా ఉంది, ఉప్పుగాలి తీరమంతటా ఉంది. ఒప్పుకుంటాను. నేను చెబుతున్నది ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదని కాదు, ప్రతిచోటా ఒకేలా లేదని. రాయలసీమలో బావి మోటార్లు వ్యవసాయ లైనును కుంగదీస్తాయి కానీ గాలి పొడి. విశాఖలో ఉప్పుగాలి ఉంది, కానీ పెద్ద పట్నం, లైనుకు మొదలు. కాలవ పారుదల ఉన్న ఈ డెల్టాలో బావి మోటార్ల బెడద తక్కువ, మిల్లుల బెడద ఎక్కువ, ఆపైన చెమ్మా శివారుతనమూ కలిశాయి. ఆ పాళ్లను బట్టి ట్యాపు ఎక్కడ లాగాలో, కాగితం ఎంత వేయాలో మారుతుంది. ఆ తేడానే నేను ఊరి గుర్తు అంటున్నాను.

ట్రాన్సిస్టరు వచ్చి ఇదంతా తుడిచేసిందని మామూలుగా చెప్పే ముగింపు కూడా సగమే నిజం. 1960లలో సెల్లు వేసుకుని నడిచే బుల్లి రేడియో ఇంటి వాల్వు సెట్టును మూలకు నెట్టింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టనబెట్టుకునేనాటికే వాల్వు రేడియోల కాలం వెళ్లిపోయింది. మైకుసెట్లు ఇంకొన్నాళ్లు వాల్వుల మీద నడిచి తర్వాత మారాయి. కానీ చుట్టే చేతులకు పని తగ్గలేదు. అదే 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది, తర్వాతి దశాబ్దంలో టీవీలూ ఫ్రిజ్‌లూ డెల్టాకు వచ్చాయి, ప్రతిదాని పక్కనా ఒక స్టెబిలైజరు వచ్చింది. స్టెబిలైజరులో ఉన్నది ట్యాపులు లాగిన ఒక చుట్ట, ఆ ట్యాపులు మార్చే రిలేలు. వాల్వు కాలంలో మనిషి వేలితో మార్చిన ట్యాపును ఇప్పుడు టక్కుమంటూ రిలే మారుస్తుంది, అంతే. వాల్వు సైతం పూర్తిగా పోలేదు, మనిషి చెవికి దూరంగా జరిగింది. 2004లో బందరులో పెట్టిన డాప్లర్ వాతావరణ రాడారుకు ప్రాణం క్లిస్ట్రాన్, అది ఒక భారీ వాల్వే. ఒకప్పుడు దేశానికి రేడియో వాల్వులు చేసిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1983లో బందరుకు వచ్చి ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని తీసుకుంది, అయితే కటకాల పని కోసం. ఇక్కడ తయారయ్యే నైట్‌విజన్ సాధనాల గుండెకాయ అయిన ఇమేజి ఇంటెన్సిఫయరు కూడా గాలి తీసేసిన గొట్టమే.

ఇప్పుడు వాల్వు ఆంప్లిఫయరు మళ్లీ అభిరుచిగా తిరిగొచ్చింది, పాత ట్రాన్స్‌ఫార్మర్ల కోసం పాత సామాన్ల దుకాణాలు గాలిస్తున్నారు. కంపెనీ సరుకైతే రంగులు చెబుతాయి: అమెరికన్ పద్ధతిలో నలుపు ప్రైమరీ, ఎరుపు హైటెన్షను, ఎరుపు-పసుపు దాని మధ్య కొస, పచ్చ ఫిలమెంటు, పసుపు రెక్టిఫయరు. ఊళ్లో చుట్టినదానికి రంగుల్లేవు, అన్నీ ఒకే తీగ కొసలు. మీటరు పెట్టి కొలవాలి. వందల ఓములుంటే హైటెన్షను, ఒక ఓములోపు ఉండి తీగ లావుగా ఉంటే ఫిలమెంటు, పదుల్లో ఉంటే ప్రైమరీ. ఆ ప్రైమరీనుంచి రెండు కొసలకు బదులు మూడో నాలుగో బయటికొస్తే అక్కడే ఆగాలి. చాలామంది దాన్ని అనవసరమైన కొస అనుకుంటారు, లేదా ఏదో ఒక జతకు ఫేజూ న్యూట్రలూ ఇచ్చేస్తారు. కానీ ఈనాటి లైను ఆనాటి శివారు లైను కాదు, 240 వోల్టులు నిండుగా వచ్చే ఊళ్లున్నాయి. ఆ 240 పొరపాటున 180 ట్యాపు మీద పడితే 6.3 ఫిలమెంటుకు 8.4 వోల్టులు వస్తాయి, 300 ఉండాల్సిన హైటెన్షను 400 అవుతుంది. రెక్టిఫయరు దాటాక కండెన్సరు మీద పడేది దాని శిఖరం, 560 వోల్టుల పైమాట. పాత కండెన్సర్ల మీద రాసి ఉండేది మామూలుగా 450. అందుకే లైనును నేరుగా ఇవ్వకుండా, మొదట వరసలో ఒక 60 వాట్ల బల్బు పెట్టాలి, సెకండరీలేవీ దేనికీ కలపకుండా ఫిలమెంటు చుట్ట మీద మీటరు ఉంచి చూడాలి. లోడు లేదు కనుక ఏడు వోల్టుల లోపు చూపితే కొస సరైనదే. ఎనిమిది దాటితే మీరు పట్టుకున్నది లో-వోల్టేజి సాయంత్రాల కోసం లాగిన ట్యాపు, దాన్ని టేపు చుట్టి పక్కన పెట్టి, ఓములు ఇంకొంచెం ఎక్కువ చూపే జతకు మారాలి.